నేటి దుబాసీ: ఎజైల్ బృందంలో బిజినెస్ అనలిస్టు



సాఫ్ట్‌వేర్ తయారయ్యే ప్రతిచోటా రెండు రకాల తెలివి గల మనుషులు ఉంటారు. కొందరికి పని తెలుసు, మరికొందరికి యంత్రం తెలుసు. పని తెలిసినవారంటే బ్యాంకులో అప్పు మంజూరు చేసేవారు, ఆసుపత్రిలో మందుల లెక్క చూసేవారు, డిపోలో బస్సుల వేళలు వేసేవారు. యంత్రం తెలిసినవారంటే ప్రోగ్రాములు రాసే డెవలపర్లు. ఈ ఇరువురి మధ్యా నిలిచి, మొదటివారి అవసరం రెండోవారికి సరిగా అందేలా, రెండోవారికి ఎదురయ్యే చిక్కు మొదటివారికి బోధపడేలా చూసే ఉద్యోగిని బిజినెస్ అనలిస్టు అంటారు. పరిశ్రమలో ఈ పేరును కుదించి బీఏ అంటారు గాని, కళాశాల ఇచ్చే బీఏ పట్టాకూ దీనికీ చుట్టరికం లేదు.

ఇటువంటి మధ్యవర్తి తెలుగువారికి కొత్త కాదు. కుంఫిణీ రోజుల్లో మద్రాసులో వ్యాపారం చేసే తెల్లదొరలకు దేశభాషలు రావు, సరుకు తెచ్చే నేతగాళ్లకూ వర్తకులకూ ఇంగ్లీషు రాదు. ఆ ఇద్దరి నడుమ బేరం కుదిర్చినవాణ్ణి దుబాసీ అన్నారు. ద్విభాషి అన్న మాటే నోళ్లలో నలిగి దుబాసీ అయింది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసి, 1830లో కాశీయాత్రకు బయలుదేరి ఆ ప్రయాణాన్ని గ్రంథస్థం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య న్యాయస్థానంలో చేసినదీ ఇటువంటి రెండు భాషల కొలువే. బిజినెస్ అనలిస్టును నేటి దుబాసీ అనవచ్చు. అయితే ఒక పెద్ద భేదం ఉంది. దొర, నేతగాడు ఒకరి మాట ఒకరికి నేరుగా తెలియనంత కాలమే పాత దుబాసీకి గిరాకీ. ఎజైల్ బృందంలోని అనలిస్టు పని దీనికి తలకిందులు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడమే అతని పని. ఈ భేదాన్ని శ్రోతలు గుర్తుంచుకోవాలి. మాట మోయడం వేరు, మాట కలపడం వేరు.

ఎజైల్ అన్న మాటకు చురుకైనది, అవసరాన్ని బట్టి మలుపు తిరగగలిగినది అని అర్థం. అది పుట్టడానికి ముందున్న పద్ధతిని చూస్తేనే దాని అవసరం తెలుస్తుంది. పాత పద్ధతికి జలపాత పద్ధతి అని పేరు పడింది. మొదట అవసరాలన్నీ రాయాలి, తరువాత నమూనా గీయాలి, ఆ తరువాత ప్రోగ్రాము రాయాలి, చివర పరీక్షించాలి. పై మెట్టు మీది నుంచి దూకిన నీరు మళ్లీ పైకి ఎక్కనట్టే, ఒక దశ దాటిన పని వెనక్కి రాదు. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికా ఇంజినీరు ఒక వ్యాసంలో ఈ దశల బొమ్మ గీసి, ఇంత సూటిగా సాగే పద్ధతి ప్రమాదకరమని, వైఫల్యాన్ని కోరి తెచ్చుకోవడమని ఆ వ్యాసంలోనే హెచ్చరించాడు. లోకం బొమ్మను తీసుకుని హెచ్చరికను వదిలేసింది. ఆ వ్యాసంలో జలపాతం అన్న మాట కూడా లేదన్నది సాఫ్ట్‌వేర్ చరిత్రలోని చిన్న వింత.

ఆ పద్ధతిలో బిజినెస్ అనలిస్టు స్థానం స్పష్టంగా ఉండేది. అతడు నెలల తరబడి అధికారులతో మాట్లాడి, వారి అవసరాలన్నిటినీ ఒక లావుపాటి పత్రంగా రాసి, సంతకాలు పెట్టించి, దానిని డెవలపర్లకు అప్పగించేవాడు. అక్కడితో అతని బాధ్యత దాదాపు ముగిసేది. ఆ పత్రం చేసే పనేమిటో, చేయలేని పనేమిటో తెలియడానికి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అనుభవాన్ని మించిన పాఠం లేదు.

కాగితాల మీద నడిచే కేసు ఫైళ్లను కంప్యూటరులోకి మార్చడానికి ఎఫ్‌బీఐ ఈ శతాబ్దం మొదట్లో వర్చువల్ కేస్ ఫైల్ అనే వ్యవస్థను తలపెట్టింది. దాని అవసరాల పత్రం 800 పుటలు దాటింది. తెర మీద ఫలానా బొత్తం ఎక్కడ ఉండాలి, ఏ రంగులో ఉండాలి అనేంత వరకూ అందులో వివరాలు వెళ్లాయి. అంత రాసినా అవసరాలు కుదుటపడలేదు. పని సాగుతున్నకొద్దీ అవి మారుతూనే పోయాయి, కట్టినదాన్ని విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది. చివరికి 2005లో, సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయిన తరువాత, ఆ ప్రయత్నాన్నే వదిలేశారు. తరువాత సెంటినెల్ అనే కొత్త పేరుతో 2006లో మరో సంస్థకు ఒప్పందం ఇచ్చారు. అదీ ఆలస్యాల్లో చిక్కుకుంది. 2010లో ఎఫ్‌బీఐ ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుని, చిన్న బృందంతో, రెండేసి వారాల విడతలుగా, ప్రతి విడత చివరా పనిచేసే భాగాన్ని చూపిస్తూ నడిపించింది. 2012 జూలైలో సెంటినెల్ ఎఫ్‌బీఐ అంతటా వాడుకలోకి వచ్చింది.

ఆ 800 పుటలు రాసినవారు తెలివి తక్కువవారు కారు, సోమరులు అంతకంటే కారు. పత్రం పెద్దదైంది, సంభాషణ చిన్నదైంది. అదే అసలు లోపం. బొత్తం రంగు గురించి రాసినవారికి ఆ బొత్తం నొక్కే దర్యాప్తు అధికారి ఎదుర్కొనే ఇబ్బంది ఏమిటో ప్రతి రెండు వారాలకూ ఒకసారి అడిగి తెలుసుకునే వీలు ఆ పద్ధతిలో లేదు.

ఈ రకమైన అనుభవాలు పోగుపడుతున్న రోజుల్లోనే, 2001 ఫిబ్రవరిలో, అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై, ఎజైల్ మేనిఫెస్టో అనే చిన్న ప్రకటన వెలువరించారు. కెంట్ బెక్, మార్టిన్ ఫౌలర్, వార్డ్ కన్నింగ్‌హామ్, కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ వంటివారు అందులో ఉన్నారు. సమగ్రమైన పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు, ఒప్పందపు బేరసారాల కంటే వాడుకరితో కలిసి పనిచేయడానికి ఎక్కువ విలువ ఇవ్వాలన్నది వారి మాటల సారం. పని తెలిసినవారూ డెవలపర్లూ రోజూ కలిసి పనిచేయాలన్నది దానితోపాటు చెప్పిన 12 సూత్రాలలో ఒకటి.

రోజూ కలిసి పనిచేయాలి. ఈ ఒక్క వాక్యం బిజినెస్ అనలిస్టు కాళ్ల కింది నేలను కదిలించింది. ఇరువురూ రోజూ నేరుగా మాట్లాడుకుంటే నడుమ దుబాసీ ఎందుకు?

ఎజైల్ పద్ధతుల్లో నేడు అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉన్నది స్క్రమ్. రగ్బీ ఆటలో ఆటగాళ్లు భుజాలు కలిపి బంతి కోసం నెట్టుకునే వరుసకు ఉన్న పేరు ఇది. నెల రోజులకు మించని, సాధారణంగా రెండు వారాలుండే విడతను అందులో స్ప్రింట్ అంటారు. 2020లో వెలువడిన స్క్రమ్ గైడ్ ప్రకారం బృందంలో మూడే బాధ్యతలు. ఏ పని ముందు, ఏది వెనుక అని నిర్ణయించే ప్రొడక్ట్ ఓనరు ఒకరు. పద్ధతి సరిగా సాగేలా చూసే స్క్రమ్ మాస్టరు మరొకరు. తయారుచేసే డెవలపర్లు మిగిలినవారు. ఆ పట్టికలో బిజినెస్ అనలిస్టు పేరు లేదు. పేరు లేకపోవడాన్ని చూసి కొన్ని సంస్థలు ఆ ఉద్యోగాన్నే ఎత్తివేశాయి, కొన్ని అనలిస్టులను ఉన్నపళంగా ప్రొడక్ట్ ఓనర్లని పిలవసాగాయి, మరికొన్ని వారిని ఏం చేయాలో తెలియక పాత కుర్చీలోనే ఉంచి కొత్త పేరు తగిలించాయి.

పేరు పోయింది గాని పని పోలేదు. ఈ మాట మరొకసారి చెప్పుకోదగినది. పేరు పోయింది, పని పోలేదు. ఏం తయారుచేయాలో ఖచ్చితంగా తేల్చుకోవడమే సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో అన్నిటికంటే కష్టమైన భాగమని ఫ్రెడ్ బ్రూక్స్ అనే శాస్త్రవేత్త ఎజైల్ మేనిఫెస్టోకు ఎన్నో ఏళ్ల ముందే రాశాడు. ఆ కష్టమైన భాగాన్ని ఎవరికీ అప్పగించని బృందంలోనూ అది జరగక మానదు. రాత్రి పదకొండు గంటలకు ప్రోగ్రాము రాస్తున్న డెవలపరు, అడగడానికి ఎవరూ లేక, ఇలాగే ఉండవచ్చునని ఊహించి ఒక వరుస రాస్తాడు. ఆ ఊహే రేపటి వ్యాపార నియమం అవుతుంది.

ఇది ఎలా జరుగుతుందో తెలియడానికి శ్రోతలు ఒక పాల సహకార సంఘాన్ని ఊహించుకోవాలి. సంఘం కల్పితమే అయినా అందులోని పద్ధతులు పాడి ఉన్న ఊళ్లవారికి బాగా తెలిసినవే. రెండు పూటలా సభ్యులు పాలకేంద్రానికి పాలు తెచ్చి పోస్తారు. కార్యదర్శి పాలు కొలిచి, కొంచెం నమూనా తీసి, యంత్రంలో వెన్న శాతం చూస్తాడు. లీటర్లూ వెన్న శాతమూ కలిసి ధరను నిర్ణయిస్తాయి. గేదె పాలలో వెన్న ఎక్కువ, ఆవు పాలలో తక్కువ కనుక, ఒకే కొలత పోసిన ఇద్దరికి వేరు వేరు సొమ్ము వస్తుంది. బిల్లు మాత్రం పది రోజులకో పదిహేను రోజులకో ఒకసారి చేతికి వస్తుంది. ఈ సంఘం తన సభ్యుల కోసం ఫోనులో పనిచేసే ఒక యాప్ చేయించుకోదలచింది. సభ్యులకు నెలనెలా రంగురంగుల పటాలతో ఒక నివేదిక అందాలన్నది సంఘం అధ్యక్షుని కోరిక.

కోరిక విన్న వెంటనే నివేదిక తయారుచేయడానికి కూర్చుంటే అది పత్రం రాసే గుమాస్తా పని. మంచి అనలిస్టు ముందు పాలకేంద్రానికి వెళతాడు. తెల్లవారుజామున, చీకటి విడవకముందే, క్యాన్ల పక్కన నిలబడి చూస్తాడు. అతనికి అక్కడ మూడు సంగతులు కనిపిస్తాయి.

పాసుపుస్తకం మామగారి పేరున ఉంది. పాలు పోస్తున్నది కోడలు. పుస్తకంలో రాసిన ఫోను నంబరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకుది. అంటే, సంఘం దస్తావేజులో సభ్యుడు అన్న ఒక్క మాట కింద ముగ్గురు మనుషులు ఉన్నారు. యాప్ పంపే సందేశం పాలు పోయని మనిషికి, ఆ ఊళ్లోనే లేని మనిషికి వెళుతుంది.

రెండో సంగతి కరెంటు. కరెంటు పోయిన పూట యంత్రం పనిచేయదు. కార్యదర్శి కిందటి పూట శాతాన్నే ఈ పూటకూ వేస్తాడు. ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఎక్కడా రాసి ఉండదు, కాని అది ఒక నియమమే.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. సంఘం సభ్యులకు దాణా అప్పుగా ఇచ్చి, ఆ బాకీని పాల బిల్లులో కోసుకుంటుంది. బిల్లు చీటీలో చివరి మొత్తం తప్ప కోత విడిగా కనిపించదు. ఎన్ని లీటర్లు పోశామన్నది సభ్యులకు లెక్క తెలుసు. చేతికి వచ్చిన సొమ్ము ఎందుకు తగ్గిందో తెలియదు. కేంద్రం దగ్గర జరిగే తగువులన్నీ ఆ కోత దగ్గరే మొదలవుతాయి.

జపాను మోటారు సంస్థ టొయోటాలో తైఇచి ఓనో అనే ఇంజినీరు ప్రచారంలోకి తెచ్చిన ఒక అలవాటు ఇక్కడ పనికి వస్తుంది. ఒక ఇబ్బంది కనబడితే ఎందుకు అని ఒకసారి కాక, వరుసగా ఐదు సార్లు అడగాలన్నది ఆ అలవాటు. నివేదిక ఎందుకు అంటే సభ్యులు ఫిర్యాదు చేస్తున్నారు కనుక. ఫిర్యాదు ఎందుకు అంటే బిల్లు మీద నమ్మకం లేదు కనుక. నమ్మకం ఎందుకు లేదు అంటే కోత కనబడదు కనుక. మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికే రంగురంగుల పటాలు జారిపోయి, రెండు సాదా అవసరాలు మిగిలాయి. పాలు పోసిన మనిషికి పూటపూటకూ తెలుగులో ఒక చిన్న సందేశం రావాలి. బిల్లులో దాణా కోత వేరే వరుసగా కనిపించాలి.

అడిగినది ఒకటి, కావలసినది ఒకటి. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలిచేదే విశ్లేషణ.

ఇంతవరకూ చెప్పినది జలపాత పద్ధతిలోని మంచి అనలిస్టు కూడా చేయగలిగినదే. ఎజైల్ బృందంలో తేడా ఇక్కడి నుంచి మొదలవుతుంది. తాను కనుగొన్న సంగతులను అతడు పత్రంగా కట్టి అప్పగించడు. యూజర్ స్టోరీలుగా విడగొడతాడు. యూజర్ స్టోరీ అంటే వాడుకరి నోటి మాటగా, ఒకటి రెండు వాక్యాల్లో రాసిన అవసరం. పాలు పోసే సభ్యురాలికి, ప్రతి పూటా తన లీటర్లూ వెన్న శాతమూ సొమ్మూ వెంటనే తెలియాలి, ఎందుకంటే బిల్లు రోజున లెక్క సరిచూసుకోవాలి. ఎవరికి, ఏమిటి, ఎందుకు అన్న ఈ మూడు ముక్కల అచ్చు 2001 ప్రాంతంలో లండనులోని కనెక్స్‌ట్రా అనే సంస్థలో పుట్టి లోకమంతా పాకింది. మొదటి రెండు ముక్కలనూ అందరూ రాస్తారు. మూడోది, ఎందుకు అన్నది, చాలా బృందాల్లో ఖాళీగానో, రెండో ముక్కనే తిప్పి రాసినట్టుగానో ఉంటుంది. ఆ మూడో ముక్క నాణ్యతను చూసి అనలిస్టు నాణ్యతను అంచనా వేయవచ్చు.

స్టోరీ రాసిన కార్డు అవసరం కాదు, అవసరం గురించి మాట్లాడుకోవాలన్న గుర్తు మాత్రమే. మేనిఫెస్టో మీద సంతకం చేసినవారిలో ఒకరైన రాన్ జెఫ్రీస్ దీనినే కార్డు, సంభాషణ, నిర్ధారణ అనే మూడు మెట్లుగా చెప్పాడు. నడుమ ఉన్న సంభాషణే ప్రాణం. దాని కోసం అనలిస్టు, డెవలపరు, పరీక్ష చేసే టెస్టరు పని మొదలుపెట్టకముందే ఒకచోట కూర్చుంటారు. ఈ కూర్చోవడానికి ముగ్గురు మిత్రులు అన్న ముద్దుపేరు ఉంది. కరెంటు లేని పూట ఏమవుతుందో అనలిస్టు చెబుతాడు. అయితే సందేశంలో లీటర్లు మాత్రమే పంపితే సరిపోతుందా అని డెవలపరు అడుగుతాడు. కరెంటు వచ్చాక నమూనా చూసి శాతం సరిదిద్దితే రెండో సందేశం వెళ్లాలా అని టెస్టరు అడుగుతాడు. ఈలోపు బిల్లు తేదీ దాటిపోతే? ఆ ప్రశ్నకు గదిలో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. అప్పుడు అనలిస్టు చేయవలసిన పని ఊహించి చెప్పడం కాదు. కార్యదర్శికి ఫోను కలిపి, ఆ ముగ్గురూ వినేలా అడగడం.

అలా తేలిన జవాబులను ఉదాహరణలుగా రాస్తారు. ఫలానా పరిస్థితి ఉండగా, ఫలానా పని జరిగితే, ఫలానా ఫలితం రావాలి అన్నది వాటి అచ్చు. డాన్ నార్త్ అనే బ్రిటిష్ నిపుణుడు దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. కరెంటు లేకుండా ఉండగా, కార్యదర్శి లీటర్లు నమోదు చేస్తే, సందేశంలో లీటర్లు మాత్రమే ఉండి, వెన్న శాతం ఇంకా చూడవలసి ఉందని కనబడాలి. పాలు పోసే కోడలికి అర్థమయ్యే ఈ వాక్యమే టెస్టరుకు పరీక్ష, డెవలపరుకు హద్దు. 800 పుటల్లో దొరకని స్పష్టత ఇటువంటి పది వాక్యాల్లో దొరుకుతుంది.

మాటల విషయంలోనూ అనలిస్టు కాపలా ఉండాలి. పాలకేంద్రంలో పూట అనే దాన్ని ఒక డెవలపరు షిఫ్ట్ అని, మరొకరు సెషన్ అని ప్రోగ్రాములో రాస్తే, ఆరు నెలల తరువాత అవి రెండు వేరు వేరు సంగతులని మూడో డెవలపరు నమ్ముతాడు. సభ్యుడు ఒకరు, పాలు పోసేవారు మరొకరు అన్న భేదం ప్రోగ్రాములో లేకపోతే సందేశం హైదరాబాదుకే వెళుతుంది. ఎరిక్ ఎవాన్స్ అనే నిపుణుడు 2003లో తన పుస్తకంలో, పని తెలిసినవారూ ప్రోగ్రాము రాసేవారూ ఒకే పదకోశాన్ని వాడాలని గట్టిగా చెప్పాడు. ఆ పదకోశానికి సహజమైన సంరక్షకుడు అనలిస్టే.

ఇక పనిని ముక్కలు చేయడం. ముక్కలు చేయడం తెలియని బృందం మొదటి విడతలో డేటాబేస్ కడుతుంది, రెండో విడతలో లెక్కలు కడుతుంది, మూడో విడతలో తెర కడుతుంది. మూడు విడతలైనా సభ్యురాలికి చూపడానికి ఏమీ ఉండదు. భోజనాల్లో మొదటి గంటంతా ఉప్పు, పచ్చడి, రెండో గంటంతా అన్నం వడ్డించినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. చిన్న విస్తరి అయినా పూర్తి విస్తరి వేయడం ఎజైల్ మర్యాద. మొదటి విడతలో ఒకే కేంద్రంలో, లీటర్లతో మాత్రమే సందేశం వెళ్లాలి. తరువాత వెన్న శాతం, ఆ తరువాత కోతల వరుస. ప్రతి విడత చివరా నిజమైన సభ్యులు నిజమైన సందేశం చూసి, బాగుందనో బాగోలేదనో అనగలగాలి. ఎక్కడ కోస్తే ముక్క చిన్నదై కూడా పూర్తిగా ఉంటుందో తెలియడం అనుభవంతో వచ్చే నేర్పు. ఈ నేర్పు ఉన్న అనలిస్టును బృందాలు వదులుకోవు.

ప్రొడక్ట్ ఓనరుకూ అనలిస్టుకూ తేడా ఏమిటన్న ప్రశ్న తరచు వస్తుంది. ఏది ముందు అన్నది ఓనరు తేలుస్తాడు. ఏది ఏమిటి అన్నది అనలిస్టు తేలుస్తాడు. బిల్లులో కోత విడిగా కనిపించడం సంఘం పెద్దలకు ఇష్టం లేకపోవచ్చు. దానిని పెట్టాలా వద్దా అన్న నిర్ణయం అనలిస్టుది కాదు. పెట్టకపోతే ఫిర్యాదులు తగ్గవని, రంగుల నివేదిక ఎవరూ తెరవరని, కేంద్రం దగ్గర తాను చూసినదాన్ని దాచకుండా ఓనరు ముందు ఉంచడం అతని ధర్మం. నిర్ణయం తనది కాని చోట నిజం చెప్పడం ఈ ఉద్యోగంలో అన్నిటికంటే ఇబ్బందికరమైన భాగమని ఒప్పుకోవాలి.

ఈ పాత్రకు తగిలే జబ్బులూ ఉన్నాయి. మొదటిది పెళ్లిళ్ల పేరయ్య జబ్బు. పేరయ్య అబ్బాయి తరఫువారితో ఒక మాట, అమ్మాయి తరఫువారితో ఒక మాట చెప్పి, ఇరుపక్షాలనూ సంతోషపెట్టి, పెళ్లి అయ్యేదాకా ఒకరినొకరు పెద్దగా మాట్లాడుకోనివ్వడు. అనలిస్టును తప్ప మరెవరినీ చూడని డెవలపర్లు, డెవలపర్ల మొహం చూడని కార్యదర్శి, నడుమ తీరిక లేకుండా ఇటూ అటూ తిరిగే అనలిస్టు ఉన్న బృందం పేరుకే ఎజైల్. అక్కడ అనలిస్టు వంతెన కాడు, తెర. రెండోది గుమాస్తా జబ్బు. రోజంతా పనుల జాబితా ఉంచే జీరా అనే సాఫ్ట్‌వేర్‌లో టికెట్లు నింపుతూ, ఉదయపు స్టాండప్ సమావేశంలో వాటి అంకెలు చదివి వినిపించడమే ఉద్యోగం అనుకోవడం దాని లక్షణం. మూడోది పాత నీటి జబ్బు. రెండు వారాల స్ప్రింటులో మొదటి వారం అనలిస్టు రాస్తాడు, చివరి రెండు రోజుల్లో టెస్టరు పరీక్షిస్తాడు. అది చిన్న గిన్నెలో పోసిన జలపాతమే.

తెలుగు యువతకు ఈ పాత్ర దూరమైనది కాదు. హైదరాబాదులోని బృందాలు చాలా వరకు అమెరికాలోని, ఐరోపాలోని సంస్థల కోసం పనిచేస్తాయి. న్యూయార్కు గడియారం చలికాలంలో భారత గడియారానికి పదిన్నర గంటలు వెనుక నడుస్తుంది. పని తెలిసినవారూ డెవలపర్లూ రోజూ కలిసి పనిచేయాలన్న సూత్రం ఆ పదిన్నర గంటల దగ్గర తడబడుతుంది. అక్కడివారు నిద్ర లేచేసరికి ఇక్కడివారు ఇళ్లకు బయలుదేరుతుంటారు. ఉన్న ఒకటి రెండు గంటల ఉమ్మడి సమయాన్ని ఏ ప్రశ్నకు ఖర్చు పెట్టాలో ముందే ఏరి ఉంచడం, అక్కడివారి మాటను ఉదాహరణలతో సహా ఇక్కడివారి ఉదయానికి సిద్ధం చేయడం అనలిస్టు భుజాల మీద పడుతుంది. రాత్రి పదింటికి ఫోనులో మాట్లాడుతున్న కొడుకునో కూతురినో చూసి, కోడింగ్ చేయరట, మరి ఏం చేస్తారో అని ఆశ్చర్యపోయే తల్లిదండ్రులు చాలా ఇళ్లలో ఉన్నారు. ఆ పిల్లలు చేస్తున్నది దుబాసీ పనే.

హైదరాబాదు అమీర్‌పేట వీధుల్లోని శిక్షణ కేంద్రాల బోర్డుల మీద బిజినెస్ అనలిస్టు కోర్సు అన్న మాట కనిపిస్తుంది. 2003లో కెనడాలోని టొరంటోలో ఏర్పడిన అంతర్జాతీయ బిజినెస్ అనాలిసిస్ సంస్థ ఈ వృత్తికి ఒక ప్రామాణిక గ్రంథాన్ని, ఎజైల్ కోసం దానికి ఒక అనుబంధాన్ని కూడా ప్రచురించింది. అవి చదవదగినవే. కాని పటాలు గీయడం, టికెట్లు రాయడం నెల రోజుల్లో నేర్పవచ్చు. చీకటి విడవకముందు క్యాన్ల పక్కన నిలబడే ఓపికను ఏ కోర్సూ అమ్మదు. ప్రోగ్రాములు రాయడం రాదన్న కారణంతో ఈ వృత్తిని రెండో తరగతి దారిగా ఎంచుకునేవారు ఇందులో రాణించడం అరుదు. మనుషులు పని చేసే తీరు మీద కుతూహలం ఉన్నవారు, వాణిజ్యం చదివినా సాహిత్యం చదివినా, త్వరగా కుదురుకుంటారు.

ఈ వృత్తిలోకి రాదలచిన యువతీయువకులైన శ్రోతలు కోర్సులో చేరడానికి ముందే ఒక పని చేయవచ్చు. తమ ఊళ్లోని పాలకేంద్రమో, రేషను దుకాణమో, ఎరువుల కొట్టో ఎంచుకుని, ఒక పూటంతా పక్కన నిలబడి చూడాలి. ఒక బిల్లు చీటీ అడిగి తీసుకుని, అందులోని ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చీటీ రాసినవారిని అడగాలి. అదే చీటీని అందుకున్నవారికి చూపించి, ఏ అంకె అర్థం కాలేదో అడగాలి. రెండు జవాబులనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోవాలి. ఆ తరువాత ఆ కాగితాన్ని ఇద్దరి ముందూ ఒకేసారి పెట్టి, వారిద్దరూ మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని వినాలి.